పిల్లలే పిల్లల్ని హింసిస్తే బడి ఏం చేయాలి? జిల్లా నుంచి ఏ సాయం రప్పించుకోవచ్చు? (శ్రీకాకుళం, విజయనగరం)

వంశధార_హైస్కూల్

రెండు జిల్లాల హెచ్‌ఎంలు, వార్డెన్లు, కేజీబీవీ ప్రిన్సిపాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ విషయం మీద గట్టిగా మాట్లాడుకుందాం. పిల్లలు తోటి పిల్లల్ని కొట్టడం, చిరుతిళ్ల డబ్బులు గుంజుకోవడం, కులం పేరు పెట్టి పిలవడం, బాత్‌రూమ్ దగ్గర ఫోన్‌తో వీడియో తియ్యడం, ఒంటి మీద చెయ్యి వెయ్యడం... అన్నిటికీ మన బళ్లలో ఒకటే పద్ధతి నడుస్తోంది. ఇరువైపులా అమ్మానాన్నల్ని పిలిపించడం, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించడం, పంపెయ్యడం.

ఏది బడిలోనే చూసుకోవచ్చు? ఏది కచ్చితంగా బయటికి చెప్పాలి? చెబితే ఎవరు వస్తారు, వచ్చి ఏం చేస్తారు? తెలిసినవాళ్లు విడమరిచి రాయండి. షరతు ఒక్కటే, జరిగిన కేసులు ఇక్కడ పెట్టొద్దు. బాధిత పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన చట్టం) 23వ సెక్షన్ చెప్పినప్పుడు పేరొక్కటే కాదు, బడి, కుటుంబం, ఇరుగుపొరుగు వివరాలు కూడా అందులో కలిపింది. ఆరోపణ ఎదుర్కొంటున్న పిల్లాడికి కూడా బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ అదే రక్షణ ఇస్తోంది.

నాగావళి_న్యాయం

మంచి పని చేశారు మాస్టారూ. ముందు ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి: ఇందులో లైంగికమైనది ఏమన్నా ఉందా?

ఉంటే, ఉందని అనుమానం కలిగినా సరే, హెచ్‌ఎం చేతిలో నిర్ణయం లేదు. 18 ఏళ్లలోపు వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే ప్రమాదం ఉందనిపించినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చేసినవాడూ పిల్లాడే కదా అనుకుని ఆగిపోయేవాళ్లు ఎక్కువ. చేసినది ఎవరైనా చెప్పే బాధ్యత మారదు. మారేది ఆ తర్వాత దారి: 34వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లాడి విషయం జువైనల్ జస్టిస్ బోర్డుకి పోతుంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని 19వ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి "తప్పని తేలితే నా పీకకి చుట్టుకుంటుంది" అన్న భయం అక్కర్లేదు.

ఫోన్ చేసి ఊరుకోకండి, రాతపూర్వకంగా ఇవ్వండి. స్టేషన్‌లో దానికి ఎంట్రీ నంబరు వెయ్యాలి, రాసుకున్నది మీకు చదివి వినిపించాలి. ఆ నంబరు మీ రిజిస్టర్‌లో రాసుకోండి. అక్కణ్ణుంచి 24 గంటల్లో పోలీసులే బాలల సంక్షేమ కమిటీకి (రక్షణ అవసరమైన పిల్లల విషయం చూసే కమిటీ), ప్రత్యేక కోర్టుకి తెలియజేయాలి.

లైంగికమైనది లేకపోతే తర్వాతి ప్రశ్నలు: గాయం తగిలిందా, ఆయుధం వాడారా, డబ్బు గుంజారా, ఎన్నాళ్లుగా జరుగుతోంది, ఎంతమంది కలిసి చేస్తున్నారు. వీటిని బట్టి బడి, డీసీపీయూ (జిల్లా బాలల సంరక్షణ విభాగం), పోలీసు... ఈ మూడింట్లో ఏ గడప తొక్కాలో తేలుతుంది.

ఉద్దానం_టీచరమ్మ

చట్టం సరే సార్. అసలు చెడగొట్టేది మొదటి గంటే. ఆ గంటలో బడి చెయ్యాల్సింది రాస్తాను.

పిల్ల ఎవరి దగ్గర నోరు విప్పిందో ఆ టీచరే వినాలి. స్టాఫ్‌రూమ్‌కి తీసుకెళ్లి నలుగురి ముందు మళ్లీ చెప్పించడం, హెచ్‌ఎం గదిలో ఇంకోసారి, పీఈటీ గారొచ్చాక మరోసారి... ఇలా మూడుసార్లు చెప్పించేసరికి మాటలు మారిపోతాయి. తర్వాత కోర్టులో ఆ తేడాల్నే పట్టుకుంటారు. తలుపు తీసి ఉన్న గదిలో, బయటివాళ్ల చెవిన పడనంత దూరంలో కూర్చోబెట్టండి. "ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పమ్మా" అని ఊరుకోండి. "వాడు ఇక్కడ చెయ్యి వేశాడా?" అని మనం అందిస్తే ఆ మాట మనది అవుతుంది. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. "నీకు సాయం చేసేవాళ్లకి మాత్రం చెబుతాను" అనండి.

అదే రోజు, పిల్ల మాట్లాడిన యాసలోనే రాయండి. "విద్యార్థినిని అసభ్యంగా ప్రవర్తించి వేధించెను" లాంటి వాక్యం ఎందుకూ కొరగాదు. ఇలా ఉండాలి:

"సోమవారం, మధ్యాహ్నం 12:40, భోజనాల వరండా. పిల్ల చెప్పింది: 'ప్లేటు కడుగుతుంటే ఆడొచ్చి నా జడ పట్టుకు లాగేడు. నిన్న కూడా లాగేడు. మాస్టారికి చెప్తే నీ సంచి నూతిలో పడేస్తానన్నాడు.' ఎడమ మోచేతి మీద గీరుడు కనిపించింది, రక్తం లేదు. చెబుతున్నంతసేపూ తలుపు వైపు చూస్తూ ఉంది. విన్నది: ఇంగ్లీషు టీచరు. రాసిన సమయం: 1:25."

కనిపించింది వేరు, విన్నది వేరు, మనం అనుకున్నది వేరు. మూడోది రాయొద్దు.

ఇంకొకటి, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "ఇప్పుడు చెప్పు" అనడం. దయచేసి ఇది మానేద్దాం. ఆ దెబ్బతో పిల్ల మళ్లీ నోరు విప్పదు.

చీపురుపల్లి_హెచ్‌ఎం

మేడమ్ గారూ, రాసినవన్నీ నిజమే. కానీ ఊళ్లో పరిస్థితి కూడా చూడండి. రెండు కుటుంబాలూ ఒకే వీధి, ఒక్కోసారి చుట్టాలు కూడా. పోలీసు జీపు బడి ముందు ఆగిందంటే మర్నాటికి అటువైపు పిల్లలు ముప్పైమంది బడి మానేస్తారు. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడితే సాయంత్రానికి సర్దుబాటవుతుంది. ప్రతిదానికీ స్టేషన్ అంటే బడి నడవదు.

నాగావళి_న్యాయం

హెచ్‌ఎం గారూ, రెండు విషయాలు వేరు చేసి చూడాలి.

పోక్సో నేరాలకు రాజీ లేదు. పెద్దమనుషుల కాగితం చెల్లదు సరికదా, మీకు తెలిసి కూడా చెప్పలేదని నిరూపించే సాక్ష్యం అవుతుంది, దాని మీద మీ సంతకం కూడా ఉంటుంది కాబట్టి. హాస్టల్ పిల్లల మీద లైంగిక దాడి తెలిసి కూడా చెప్పకపోవడం తీవ్రమైన నేరమని 2022లో సుప్రీంకోర్టు మహారాష్ట్ర కేసులో స్పష్టంగా చెప్పింది.

జీపు సంగతికొస్తే, అది బడికి రానవసరం లేదు, రాకూడదు కూడా. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, తను కోరుకున్న చోటో తీసుకోవాలని 24వ సెక్షన్. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. పిల్లని ఏ కారణంతోనూ రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. మీరిచ్చే ఫిర్యాదులోనే "24వ సెక్షన్ ప్రకారం సివిల్ దుస్తుల్లో, విద్యార్థిని ఇంటి వద్ద వాంగ్మూలం తీసుకోగలరు" అని ఒక వాక్యం పెట్టండి.

ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్సై హోదాకు తగ్గని ఒకరిని బాలల సంక్షేమ పోలీసు అధికారిగా పెట్టాలని బాల న్యాయ చట్టం 107వ సెక్షన్. జిల్లా స్థాయిలో డీఎస్పీ పర్యవేక్షణలో ప్రత్యేక బాలల పోలీసు యూనిట్ ఉంటుంది. జూన్‌లో బళ్లు తెరిచినప్పుడే మీ స్టేషన్‌లో ఆ అధికారి ఎవరో కనుక్కుని పేరు, నంబరు హెచ్‌ఎం బల్ల అద్దం కింద పెట్టుకుంటే, అవసరం పడిన రోజు కానిస్టేబుల్‌తో మొదలుపెట్టే పని ఉండదు.

మిషన్_వాత్సల్య_విజయనగరం

డీసీపీయూ పేరు వచ్చింది కాబట్టి దాని పని చెబుతాను. చాలా బళ్లకి ఇలాంటి ఆఫీసు ఒకటి ఉందనే తెలియదు.

జిల్లా బాలల సంరక్షణ విభాగం మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ కింద, మిషన్ వాత్సల్య పథకంలో నడుస్తుంది. అందులో జిల్లా బాలల సంరక్షణ అధికారి, ఇద్దరు సంరక్షణ అధికారులు (ఒకరు సంస్థల్లో ఉండే పిల్లలకి, ఇంకొకరు ఇళ్లలో ఉండే పిల్లలకి), న్యాయ, ప్రొబేషన్ అధికారి, కౌన్సెలర్, సోషల్ వర్కర్లు, అవుట్‌రీచ్ వర్కర్లు ఉంటారు. 1098 చైల్డ్‌లైన్ 2023 నుంచి ఇందులోనే కలిసింది. ఆ నంబరు 112తో అనుసంధానమై ఉంది కాబట్టి అత్యవసరమైతే పోలీసుకీ కబురు వెళ్తుంది. బడివాళ్లే కాదు, పిల్లలు నేరుగా చేసినా పలుకుతారు.

బడి అడిగితే రాగలిగిన సాయం ఇది. కౌన్సెలర్‌ని పంపి ఇద్దరు పిల్లలతోనూ విడివిడిగా మాట్లాడించడం. ఇంటికి వెళ్లి చూసి రావడం. తోటివాణ్ణి రోజూ కొట్టేవాడి ఇంట్లో తండ్రి తాగి కొడుతుంటే అది బడి గేటు దగ్గర నిలబడి చూస్తే కనిపించదు. చదువు ఆగిపోయే స్థితిలో ఉంటే స్పాన్సర్‌షిప్ సాయానికి పరిశీలించడం. బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాల్సిన కేసయితే కాగితాలు తయారు చెయ్యడం.

రాకపోవడానికి కారణం చాలాసార్లు మన లేఖే. "మా పాఠశాలలో విద్యార్థుల మధ్య గొడవలు జరుగుచున్నవి, తగు చర్యలు తీసుకోగలరు" అని రాస్తే ఎవరిని పంపాలో వాళ్లకి అర్థం కాదు. ఏం కావాలో అడగాలి: కౌన్సెలర్ కావాలా, ఇంటి పరిశీలన కావాలా, కమిటీ ముందు హాజరుకి సాయం కావాలా, ఎన్ని రోజుల్లో కావాలో.

గోస్తనీ_పిల్లల_డాక్టర్

వైద్యం భాగం నేను రాస్తాను. ఇక్కడ గంటలే లెక్క.

లైంగిక దాడి అనుమానం ఉంటే పిల్లకి స్నానం చేయించొద్దు, బట్టలు ఉతకొద్దు. మార్చక తప్పకపోతే విప్పిన బట్టల్ని ఆరనిచ్చి పాత న్యూస్‌పేపర్‌లోనో కాగితం సంచిలోనో పెట్టండి. ప్లాస్టిక్ కవర్‌లో పెడితే చెమ్మ పట్టి ఆనవాళ్లు పాడవుతాయి. 96 గంటల వరకు నమూనాలు తీస్తారు. హెచ్‌ఐవీ నివారణ మందు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. గర్భ నివారణ మాత్రకూ మొదటి 72 గంటలే మంచి సమయం. ఈ గడువులు దాటిపోయాయని తీసుకెళ్లడం మానొద్దు. చికిత్స, మానసిక సాయం ఎప్పుడైనా అవసరమే.

ఎఫ్‌ఐఆర్ లేదని ఆసుపత్రి వెనక్కి పంపకూడదు. పరీక్ష ఎఫ్‌ఐఆర్ కాకముందే చెయ్యొచ్చని పోక్సో 27వ సెక్షన్‌లో ఉంది. అత్యవసర చికిత్సకి ముందు ఏ కాగితమూ అడగకూడదని 2020 నిబంధనల్లో ఉంది. ప్రైవేటు ఆసుపత్రి అయినా మొదటి చికిత్స ఉచితంగా చెయ్యాలి. ఆడపిల్లని మహిళా డాక్టరే చూడాలి. తల్లో తండ్రో, లేదా పిల్ల నమ్మే మనిషో పక్కన ఉండాలి. 12 ఏళ్లు దాటితే పిల్ల సమ్మతి కూడా అడుగుతారు. మగపిల్లలకీ ఇవన్నీ వర్తిస్తాయి. "మగపిల్లాడికేం జరుగుతుంది" అని ఊరుకునే అలవాటు హాస్టళ్లలో ఎంతో కీడు చేస్తోంది.

ఇక నిద్ర పట్టకపోవడం, పక్క తడపడం, అన్నం మానెయ్యడం, చచ్చిపోతానని అనడం కనిపిస్తే 14416 టెలీమానస్‌కి ఫోన్ చెయ్యండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.

బొబ్బిలి_ఐసీటీ

ఫోన్ల సంగతి. వీడియో తీసి బెదిరిస్తున్నాడని తెలియగానే టీచర్లు చేసే పొరపాటు, ఫోన్ లాక్కుని ఆ వీడియో తెరిచి చూడడం, "సాక్ష్యం" అని తమ ఫోన్‌లోకి పంపుకోవడం, ఆపైన హెచ్‌ఎంల వాట్సాప్ గ్రూపులో పెట్టడం. పిల్లల అసభ్య చిత్రం పంచడం ఐటీ చట్టం 67బీ కింద నేరం. టీచరు పంచినా నేరమే.

ఫోన్‌ని తెరవకుండా స్విచ్ ఆఫ్ చేసి కవర్‌లో పెట్టి అంటించండి. ఎవరి దగ్గర తీసుకున్నారు, ఎన్ని గంటలకి, ఎవరెవరు ఉన్నారు అన్నది కవర్ మీద రాసి ఇద్దరు సంతకం చెయ్యండి. పోలీసుకి ఇచ్చి రశీదు తీసుకోండి. చిత్రం స్క్రీన్‌షాట్ వద్దు. ఏ ఖాతా నుంచి, ఏ పేరుతో, ఏ తేదీన వచ్చిందో చేత్తో రాసుకుంటే చాలు. బెదిరింపు మాటలు మాత్రమే ఉన్న మెసేజ్‌లను మాత్రం చెరిపెయ్యకుండా ఉంచండి. కోపంలో తండ్రి డిలీట్ కొట్టేస్తే కేసు అక్కడే నీరుగారిపోతుంది.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగంలో ఫిర్యాదు పెట్టొచ్చు. ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల ఎక్కిన చిత్రానికి "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. చిత్రం ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే కంపెనీలకి చేరుతుంది. వాట్సాప్‌లో చేతులు మారుతున్నవాటికి మాత్రం అది పనిచెయ్యదు. దానికి పోలీసు ద్వారానే.

సీతంపేట_కొండదారి

ఆశ్రమ పాఠశాలలు, గురుకులాల గురించి ఎవరూ రాయలేదు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక ఏజెన్సీ బళ్లు చాలావరకు అటు వెళ్లాయి. అయినా పిల్లలు మూడు జిల్లాల నుంచీ చేరతారు కాబట్టి చెబుతున్నా.

పగటి బడిలో హింసకి సాయంత్రం నాలుగింటికి తెర పడుతుంది. హాస్టల్‌లో ఆ గంటకే మొదలవుతుంది. చూడాల్సిన చోట్లు: సాయంత్రం స్టడీ అవర్‌కి, భోజనానికి మధ్య ఖాళీ. వార్డెన్ గది నుంచి కనిపించని మెట్లు. లోపలి గడియ ఊడిపోయిన బాత్‌రూమ్. ఆ గడియ విలువ వంద రూపాయలు ఉంటుందేమో, నెలల తరబడి ఎవరూ వెయ్యరు. పెద్ద క్లాసు పిల్లల చేతికి చిన్నవాళ్ల "క్రమశిక్షణ" అప్పగించడం అన్నిటికన్నా ప్రమాదం. బట్టలు ఉతికించుకోవడంతో మొదలై ఎక్కడికి పోతుందో చెప్పలేం.

ఫిర్యాదు వచ్చిన రాత్రే ఇద్దరి పడకలూ వేర్వేరు గదుల్లోకి మారాలి. మారాల్సింది ఆరోపణ ఎదుర్కొంటున్న పిల్లాడు. బాధపడిన పిల్లని "కొన్నాళ్లు ఇంటికెళ్లు" అని పంపేస్తే తోటివాళ్లకి శిక్ష ఎవరికి పడిందో అర్థమైపోతుంది.

ఇంకో సంగతి, భాష. సవర పిల్ల తెలుగులో తడబడుతూ చెప్పింది రాస్తే సగం పోతుంది. సొంత భాషలో చెప్పించి దుబాసీని పెట్టాలి. పోక్సో 26వ సెక్షన్ పోలీసుకీ, మేజిస్ట్రేట్‌కీ ఆ వీలు ఇస్తోంది. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మాట్లాడే పిల్లలకీ ఇంతే. దుబాసీగా తోటి విద్యార్థిని, వంటమనిషిని, ఆరోపణ ఉన్నవాడి ఊరివాళ్లని పెట్టొద్దు.

చంపావతి_గట్టు

ఇంగ్లండ్‌లో ఈ పని ఎలా సాగుతుందో కాస్త చెబుతాను, మనం తీసుకోదగ్గది ఒకటుంది. అక్కడ ప్రతి బడిలో పిల్లల రక్షణకి బాధ్యుడైన ఒక సీనియర్ ఉద్యోగి పేరు ముందే రాసి ఉంటుంది. పిల్లల మధ్య లైంగిక హింస, వేధింపు గురించి బళ్లకి ప్రభుత్వ మార్గదర్శకంలో విడిగా ఒక భాగమే ఉంది. నాలుగు దారులు చెబుతుంది: బడిలోనే చూసుకోవడం, కుటుంబానికి ముందస్తు సాయం, స్థానిక కౌన్సిల్ బాలల సంక్షేమ విభాగానికి పంపడం, పోలీసుకి చెప్పడం. కౌన్సిల్‌కి చేరిన కేసుని సోషల్ వర్కర్ ఒక పనిదినంలో చూసి, తర్వాత ఏం చేస్తారో చెప్పాలి. గట్టి అనుమానం ఉంటే 1989 బాలల చట్టం 47వ సెక్షన్ కింద విచారణ మొదలవుతుంది.

మనం తీసుకోదగ్గది రాతలో ఉండే రక్షణ ప్రణాళిక. పోలీసు ఏం తేల్చినా తేల్చకపోయినా రేపు ఉదయం ఆ ఇద్దరూ ఒకే బడికి వస్తారు కదా. బాధపడిన పిల్ల, ఆరోపణ ఉన్న పిల్లాడు, మిగతా పిల్లలు, ఈ మూడు వైపులా ప్రమాదం ఏమిటో బడి రాసుకుంటుంది, ఎప్పటికప్పుడు తిరగరాస్తుంది.

ఉద్దానం_టీచరమ్మ

దీనికి కొత్త ఫారం అక్కర్లేదు, అరఠావు చాలు. పిల్ల ఏ ఆటోలో వస్తోంది, అదే ఆటోలో ఆ పిల్లాడు కూడా ఉన్నాడా. ప్రార్థనలో ఎక్కడ నిలబడతారు. ఏ బెంచీ. మధ్యాహ్న భోజనం లైను ఒకటేనా, పదినిమిషాలు ముందు వెనక చెయ్యొచ్చా. బాత్‌రూమ్‌కి ఎవరితో వెళ్తుంది. గ్రూప్ వర్క్‌లో, ఆటల్లో కలపొద్దని ఏయే టీచర్లకి చెప్పాలి (కారణం చెప్పకుండా). భయమేస్తే ఎవరి దగ్గరికి రావాలి, ఆవిడ సెలవులో ఉంటే ఇంకెవరు. తిరిగి చూసే తేదీ. మొదటి నెల వారానికోసారి చూడాలి. సోమవారాల గైర్హాజరు ప్రత్యేకంగా గమనించండి. ఆదివారం ఊళ్లో ఏదైనా జరిగితే అది సోమవారం హాజరు పట్టీలో తెలుస్తుంది.

చీపురుపల్లి_హెచ్‌ఎం

ఒప్పుకుంటాను మేడమ్. రెండు సందేహాలు. టీసీ ఇచ్చి పంపెయ్యమని బాధితురాలి తల్లిదండ్రులు పట్టుబడతారు. అప్పుడేం చెప్పాలి? రెండోది, 1997 ర్యాగింగ్ చట్టం హెచ్‌ఎం వెంటనే విచారించి సస్పెండ్ చెయ్యాలంటుంది. ఇక్కడేమో విచారణ చెయ్యొద్దంటున్నారు.

నాగావళి_న్యాయం

మంచి ప్రశ్న. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా, అంటే 8వ తరగతి వరకు, ఏ పిల్లాణ్ణీ బడి నుంచి తీసెయ్యకూడదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్. బలవంతపు టీసీ కూడా తీసెయ్యడమే. పై తరగతుల్లో ఈ సెక్షన్ అడ్డు రాదు కానీ, పక్క ఊరి బడికి పంపితే అక్కడి పిల్లలకి అదే ప్రమాదం, ఈసారి ఎవరికీ తెలియకుండా. తల్లిదండ్రులకి చూపించాల్సింది మేడమ్ రాసిన ఆ అరఠావు. వాళ్లు అడుగుతున్నది టీసీ కాదు, తమ పిల్లకి భద్రత. అది కాగితం మీద కనిపిస్తే చాలామంది శాంతిస్తారు. తరగతి సెక్షన్ మార్చడం, ప్రార్థన వేళ మార్చడం బడి చేతిలో పనే.

ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం నిర్వచనంలో హాస్టళ్లు కూడా ఉన్నాయి. ఫిర్యాదు వచ్చాక పట్టించుకోని సంస్థ అధిపతిని ప్రోత్సహించినవాడిగానే చూస్తుంది. అందులో చెప్పిన విచారణ, ఫిర్యాదు పైకి నిజమనిపిస్తోందా అన్నంతవరకే. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు చూశారు అని రాసుకోవడం ఆ పరిధిలోనిదే. లైంగిక ఆరోపణలో మాత్రం అంత కూడా వద్దు. వినండి, రాయండి, చెప్పండి, అంతే.

ఆరోపణ ఉన్న పిల్లాడి గురించి కూడా రాయాలి, వాడూ మన బడి పిల్లాడే. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరమే కాదు (భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్). 7 నుంచి 12 మధ్య వయసుంటే చేసింది అర్థం చేసుకునే పరిణతి ఉందా అని చూస్తారు. కనీస శిక్ష ఏడేళ్లు ఉన్న ఘోర నేరాలు, పెద్దవాళ్లతో కలిసి చేసినవి తప్ప మిగతావాటికి పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకుండా, జనరల్ డైరీలో రాసి, సామాజిక నేపథ్య నివేదిక బోర్డుకి పంపాలని 2016 నమూనా నిబంధనలు. ఆ నివేదికకి పోలీసు బడినే అడుగుతాడు. "అల్లరివాడు, చెడ్డ అలవాట్లు" అని రాసి పంపకండి. హాజరు, మార్కులు, ఇంటి పరిస్థితి, ఎప్పటినుంచి మార్పు వచ్చిందో రాయండి.

పిల్లాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, సంకెళ్లు వెయ్యకూడదు, 24 గంటల్లో బోర్డు ముందుంచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ. మందలించి ఇంటికి పంపడం, కౌన్సెలింగ్, సమాజసేవ, ప్రొబేషన్ లాంటి ఉత్తర్వులు ఇస్తుంది. విధిగా బడికి వెళ్లాలని కూడా చెప్పగలదు. ఘోర నేరం చేశాడని ఆరోపణ ఉండి 16 నిండిన పిల్లల విషయంలో ముందు వేరే మదింపు ఉంటుంది. టీసీలో "ప్రవర్తన" గడిలో ఈ గొడవ రాయకండి. బోర్డు తీర్పు పిల్లాడి భవిష్యత్తుకి అనర్హత కాకూడదని బాల న్యాయ చట్టం 24వ సెక్షన్ ఉద్దేశం.

సువర్ణముఖి_అంగన్‌వాడీ

డబ్బు విషయం ఎవరూ చెప్పలేదు. కేసంటే ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం కోర్టుకి, ఆసుపత్రికి తిరగాలి. కూలి పోతుంది, బస్సు ఛార్జీలు. సగం కుటుంబాలు అందుకే వెనక్కి తగ్గుతాయి. 2020 పోక్సో నిబంధనల ప్రకారం తిండి, బట్టలు, ప్రయాణం లాంటి తక్షణ అవసరాలకి బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చెయ్యొచ్చు. సిఫారసు అందిన వారంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాంటి అధికార సంస్థ చెల్లించాలి. ఇది నష్టపరిహారం కాదు, దానికి వేరు. నష్టపరిహారం ప్రత్యేక కోర్టు ఇస్తుంది, కేసు నడుస్తుండగా మధ్యంతరంగా కూడా ఇవ్వొచ్చు. అడగందే రావు. కుటుంబంతో మాట్లాడినప్పుడు బడివాళ్లే చెప్పాలి. సహాయక వ్యక్తి కావాలని కూడా కమిటీనే అడగాలి. కేసు పూర్తయ్యేవరకు కోర్టు, ఆసుపత్రి, పోలీసుల దగ్గర పిల్లకి తోడుండే మనిషి.

కమిటీ నెలకి కనీసం 20 రోజులు కూర్చోవాలి. కూర్చోని రోజున అత్యవసరమైతే పిల్లని ఒక్క సభ్యుడి ముందు హాజరుపరిచినా చెల్లుతుంది. ఆదివారమని ఆగనక్కర్లేదు.

వంశధార_హైస్కూల్

అందరికీ ధన్యవాదాలు. ఇక స్టేషన్ దాకా పోని రోజువారీ హింస మిగిలింది. పేర్లు పెట్టడం, వెలివెయ్యడం, కులం మాట. ఇక్కడ బడి సొంతంగా పని చెయ్యాలి, డీసీపీయూ కౌన్సెలర్ సాయం తీసుకోవచ్చు. పెద్ద ఉపన్యాసం వల్ల ఏమీ కాదు. ఎక్కడ జరుగుతోందో పట్టుకోవాలి. బడి పటం ఒకటి కాగితం మీద గీసి, పేర్లు రాయకుండా, భయమేసే చోట చుక్క పెట్టమని ప్రతి తరగతికీ ఇవ్వండి. చుక్కలు గుంపుగా పడిన చోట విరామ సమయంలో ఒక టీచరు నిలబడాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని కులం పేరుతో అవమానించడాన్ని మాత్రం మామూలు అల్లరిలో కలిపెయ్యొద్దు. దానికి వేరే చట్టమే ఉంది.

డీసీపీయూకి రాసే లేఖ నమూనా ఒకటి పెడుతున్నా, సరిచెయ్యండి:

"జిల్లా బాలల సంరక్షణ అధికారి గారికి. విషయం: 8వ తరగతి విద్యార్థిని కుమారి ______ పై తోటి విద్యార్థి వేధింపు, కౌన్సెలింగ్ కోరుట గురించి. జత: తేదీవారీ నమోదు కాగితం ఒకటి, రక్షణ ప్రణాళిక ఒకటి. కోరుతున్నది: ఏడు రోజుల లోపు కౌన్సెలర్ పర్యటన, ఇద్దరు విద్యార్థులతోనూ విడివిడిగా. ఆరోపణ ఎదుర్కొంటున్న విద్యార్థి ఇంటి పరిశీలన. పోలీసుకు తెలియజేశామా: లేదు, లైంగిక అంశం లేదు, గాయం లేదు. సంప్రదించవలసిన ఉపాధ్యాయురాలు: ______. ప్రతి: ఎంఈఓ గారికి."

మిషన్_వాత్సల్య_విజయనగరం

లేఖ బాగుంది మాస్టారూ, మూడు మార్పులు. "విషయం" వరుసలోంచి పేరు, తరగతి తీసెయ్యండి. ఆ వరుస తపాలా రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది, ఆఫీసులో అందరూ చూస్తారు. "విద్యార్థుల రక్షణ గురించి" అంటే చాలు. పేర్లు లోపల వేరే కాగితం మీద రాసి, కవర్ అంటించి, పైన "గోప్యం, అధికారి మాత్రమే తెరవాలి" అని రాయండి. ఎంఈఓ గారికి పంపే ప్రతిలో పేర్ల కాగితం జతచెయ్యొద్దు.

"లైంగిక అంశం లేదు" అన్న మాట తీర్పులా ఉంది. "ఈ తేదీ వరకు విద్యార్థిని చెప్పినదానిలో లైంగిక అంశం ఏదీ లేదు" అని రాయండి. రేపు కౌన్సెలర్ దగ్గర పిల్ల ఇంకా చెబితే ఆ క్షణం నుంచి దారి మారుతుంది.

అందినట్టు సంతకం తీసుకున్న ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే ఎనిమిదో రోజు దాని నంబరు వేసి మళ్లీ రాయండి, ఒక ప్రతి బాలల సంక్షేమ కమిటీ చైర్‌పర్సన్‌కి పంపండి. ప్రైవేటు బళ్లు కూడా ఇదే లేఖ వాడుకోవచ్చు, యాజమాన్యం అనుమతి కోసం ఆగక్కర్లేదు.